దుంగల లారీలు తిరిగే కంకర రోడ్డు మీద కుటుంబంతో వెళ్లవచ్చా: ప్రిన్స్ జార్జ్ నుంచి నా అనుభవం

ఆగస్టులో ఇద్దరు పిల్లలతో కెనడా పశ్చిమ తీరంలోని సర్రే నుంచి బయలుదేరి, ప్రిన్స్ జార్జ్ దాటాక అడవిలో ఉన్న ఒక సరస్సు ఒడ్డున శని, ఆదివారాలు రెండు రాత్రులు గుడారంలో ఉండి సోమవారం ఉదయం తిరిగి రావాలనుకుంటున్నామనీ, చివరి 45 కిలోమీటర్లు కంకర రోడ్డనీ, ఆ దారిలో దుంగల లారీలు తిరుగుతాయని తెలిశాక వెళ్లాలో మానాలో తేల్చుకోలేకపోతున్నామనీ మీరు రాశారు. వెళ్లండి. అయితే హైవే మీద నడిపిన అలవాటుతో మాత్రం వెళ్లకండి. నేను ఆరేళ్లుగా ప్రిన్స్ జార్జ్‌లో ఉంటూ, చెట్లు నరికిన చోట తిరిగి నాటిన మొక్కలు ఎలా పెరుగుతున్నాయో లెక్కగట్టే సర్వే పని చేస్తున్నాను. మే నుంచి అక్టోబరు వరకు వారంలో నాలుగైదు రోజులు ఈ రోడ్ల మీదే పికప్‌లో తిరుగుతాను కనుక, చూసినదీ నేర్చుకున్నదీ కాస్త వివరంగా రాస్తున్నాను.

బ్రిటిష్ కొలంబియాలో ఇలాంటి రోడ్లు 6 లక్షల కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. వీటిని వేసింది విహారయాత్రల కోసం కాదు, అడవి నుంచి కలపను మిల్లుకు చేర్చడం కోసం. మనం వెళ్లడానికి అనుమతి ఉంది, కానీ రోడ్డు వెడల్పు, మలుపులు, వంతెనలు అన్నీ ఆ పనికి తగ్గట్టే ఉంటాయి. చాలాచోట్ల రెండు బండ్లు పక్కపక్కన పట్టవు, వంతెనలు దాదాపు అన్నీ ఒక్క బండికి సరిపడేవే. ఎనిమిది ఇరుసుల దుంగల లారీ హైవే మీద నడవడానికి అనుమతించే మొత్తం బరువు 63,500 కిలోలు, అంటే మీ ఎస్‌యూవీ లాంటివి ముప్పై కలిపినంత. హైవే ఎక్కనవసరం లేని దారుల్లో ఇంతకంటే బరువైనవి కూడా తిరుగుతాయి. అంత బరువుతో వదులు కంకర మీద పల్లంలోకి దిగుతున్న లారీని గట్టిగా బ్రేకు వేసి ఆపబోతే చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. ఎత్తు ఎక్కుతున్న లోడు లారీ ఒకసారి ఆగితే చక్రాలకు పట్టు దొరక్క మళ్లీ కదలకపోవచ్చు. కాబట్టి మిమ్మల్ని చూశాక ఆ డ్రైవరు చేయగలిగింది చాలా తక్కువ. ఆయన కంట పడేలోపే మీరు పక్కన ఆగి ఉండాలి. నేను చెప్పే మిగతా జాగ్రత్తలన్నీ దీని నుంచి వచ్చినవే.

మారేడుమిల్లి ఘాట్‌లోనో పాడేరు ఘాట్‌లోనో బండి నడిపిన మనవాళ్లకు మూడు అలవాట్లు ఉంటాయి, ఇక్కడ మూడూ అక్కరకు రావు. ఒకటి, ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్న నియమం. ఇక్కడ ఎక్కుతున్నా దిగుతున్నా లోడు లారీకే దారి, ఖాళీ లారీ కూడా దానికోసం పక్కకు తప్పుకుంటుంది. రెండోది మలుపు దగ్గర హారన్ కొట్టడం. పెద్ద డీజిల్ ఇంజను వెనుక కూర్చుని, ఒక చెవితో, బండి నుంచి బండికి మాట్లాడుకునే రేడియో వింటున్న మనిషికి మన హారన్ వినపడదు. మూడోది అన్నిటికంటే ప్రమాదకరమైనది. భయపడినప్పుడు మన చెయ్యి తనంతట తానే ఎడమకు తిప్పుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాది కూడా నిండని మిత్రుడొకరు బండి నడుపుతూ ఉంటే నేను పక్కన కూర్చున్నాను. మలుపు తిరిగిన ఖాళీ లారీ ఒక్కసారిగా కనిపించగానే, ఊరంతా కుడివైపు చక్కగా నడిపిన ఆ మనిషి స్టీరింగును ఎడమకు, అంటే సరిగ్గా లారీ వస్తున్న వైపుకు తిప్పాడు. అది ఖాళీ లారీ కావడం, వేగం తక్కువగా ఉండడం వల్ల డ్రైవరు ఆపగలిగాడు. మీ ఇంట్లో ఇక్కడ ఎక్కువ కాలంగా నడుపుతున్నవారే ఆ 45 కిలోమీటర్లూ నడపడం మంచిది.

ఇక రేడియో సంగతి. ఈ రోడ్లను కాపాడేది అదే కనుక దీని గురించి ఎక్కువ రాస్తాను. హైవే నుంచి కంకర రోడ్డులోకి తిరిగిన చోట ఒక బోర్డు ఉంటుంది. అందులో రోడ్డు పేరు, ఏ ఛానెల్‌లో మాట్లాడాలో ఉంటాయి. ఈ ఛానెళ్లు ఆర్‌ఆర్ (రిసోర్స్ రోడ్, అంటే వనరుల రవాణా రోడ్డు) 1 నుంచి ఆర్‌ఆర్ 35 వరకు ఉన్నాయి. తర్వాత దారి పొడవునా చెట్లకో గుంజలకో కొట్టిన చిన్న పలకల మీద కిలోమీటరు అంకెలు కనిపిస్తాయి. బండ్లలో ఉన్నవాళ్లు ఆ అంకెలను రేడియోలో పలుకుతూ పోతారు: రోడ్డు పేరు, కిలోమీటరు, దిశ, బండి రకం. ఉదాహరణకు నేను బౌరన్ రోడ్డు మీద లోపలికి వెళ్తూ ఉంటే ‘బౌరన్, 22 అప్, పికప్’ అంటాను. ‘అప్’ అంటే కొండ ఎక్కడం కాదు, కిలోమీటరు అంకెలు పెరిగే వైపు వెళ్లడం. అంకెలు తగ్గే వైపు వస్తే ‘డౌన్’. రోడ్డు ఎంత పల్లంలోకి దిగుతున్నా అంకె పెరుగుతుంటే అది అప్పే, కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. ఏ కిలోమీటరు దగ్గర తప్పక పలకాలో కొన్నిచోట్ల బోర్డు మీదే రాసి ఉంటుంది. ‘26 డౌన్’ అని లారీ పలికినప్పుడు మీరు 23 దగ్గర పైకి వెళ్తున్నారనుకోండి, మధ్య దూరం మూడు కిలోమీటర్లే. ఇద్దరూ ఎదురెదురుగా వస్తున్నారు కనుక అది రెండు నిమిషాల్లో కరిగిపోతుంది. వెంటనే తర్వాతి వెడల్పు చోటు చూసుకుని ఆగాలి.

అయితే ఈ ఛానెళ్లలో మాట్లాడడానికి కెనడా కేంద్ర ప్రభుత్వ రేడియో లైసెన్సు ఉండాలి, సరదాగా రేడియో వాడేవారికి ఇచ్చే హామ్ రేడియో లైసెన్సు దీనికి చెల్లదు. దుకాణాల్లో జతగా అమ్మే పిల్లల వాకీటాకీలకు ఈ తరంగాలు అసలు అందవు. మీలాంటివారికి నేను చెప్పేది, ఈ ఛానెళ్లు వినగలిగే స్కానరు ఒకటి సంపాదించుకోమని. వినడానికి లైసెన్సు అక్కరలేదు, ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియడంతోనే సగం ప్రమాదం తగ్గుతుంది. మిగతా సగం మాత్రం అలాగే ఉంటుందని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మీరు వింటున్నారు తప్ప మీరు అక్కడ ఉన్నారని ఎవరికీ తెలియదు. రేడియోలో ఎవరూ పలకకపోతే ఎదురుగా ఎవరూ లేరని లారీ డ్రైవరు అనుకుంటాడు, దానికి తగ్గట్టే మలుపులో రోడ్డు మధ్యకు వస్తాడు. పైగా పలికే లారీలన్నీ మీకు వినపడతాయన్న నమ్మకం లేదు, కొండ అడ్డం వస్తే మాట తెగిపోతుంది. రేడియో లేకుండా రావద్దని బోర్డు మీద రాసి ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. లేదా ఆ మొదట్లోనే ఆగి, రేడియో ఉన్న పికప్ ఏదైనా లోపలికి వెళ్తుంటే చెయ్యెత్తి అడగండి. వెనుక వస్తామంటే ఇక్కడివాళ్లు సాధారణంగా కాదనరు, తమ వెనుక ఇంకొక బండి ఉందని మీ తరఫున కూడా పలుకుతారు.

రేడియో ఉండి కూడా పొరబాటు ఎలా జరుగుతుందో నా అనుభవమే చెబుతాను. మూడేళ్ల క్రితం జులైలో, 31వ కిలోమీటరు పలక దాటాక, ‘34 డౌన్’ అన్న పిలుపు విని నేను వెడల్పు చోట ఆగాను. ఆ పిలుపు చివర ‘వెనుక ఇంకొకటి’ అన్న మాట కూడా ఉంది. పక్కన కూర్చున్న సహోద్యోగితో మాట్లాడుతూ ఉన్నందువల్ల అది నా చెవిన పడలేదు. లారీ వెళ్లింది. రోడ్డంతా గోధుమరంగు దుమ్ము, బానెట్టు చివర కూడా కనిపించనంత. కాస్త పలచబడగానే నేను బండిని రోడ్డు మీదకు తెచ్చాను. వంద గజాలు కూడా వెళ్లకముందే దుమ్ములో రెండు పసుపు మచ్చలు కనిపించాయి. కుడికి తిప్పాను, కుడి చక్రాలు అంచు దాటి మెత్తటి మట్టిలో దిగబడ్డాయి, బండి పక్కకు ఒరిగి నిలిచిపోయింది. నా కిటికీ పక్కనుంచి, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో, అప్పుడే కోసిన స్ప్రూస్ దుంగల గుండ్రటి చివరలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్లిపోయాయి. పచ్చి కలప వాసనతో పాటు వేడెక్కిన బ్రేకుల వాసన లోపలికి వచ్చింది. ఊడిపడిన బెరడు ముక్క ఒకటి బానెట్టు మీద ఉండిపోయింది. ఆ డ్రైవరు ఆగలేదు, ఆగడం ఆయన చేతిలో లేదు. రెండు కిలోమీటర్లు దిగాక రేడియోలో ‘పికప్, అంతా బాగేనా?’ అని అడిగాడు. బాగే అని చెప్పడానికి నాకు కొంతసేపు గొంతు పెగల్లేదు. గంట తర్వాత రోడ్డు చదును చేసే గ్రేడరు వచ్చి మా బండిని లాగింది. అప్పటినుంచి ఒక లారీ వెళ్లాక దుమ్ము పూర్తిగా అణిగేదాకా, కనీసం రెండు నిమిషాలు లెక్కపెట్టి కాని కదలను. బండిలో ఎవరూ మాట్లాడవద్దని ముందే చెబుతాను. పిల్లలకు పాటలు పెట్టే అలవాటుంటే ఆ 45 కిలోమీటర్లూ ఆపేయండి.

ఎక్కడ ఆగాలన్నది కూడా ముఖ్యమే. ఇలాంటి రోడ్డుకు పక్కన అక్కడక్కడ వెడల్పు చేసిన చోట్లు ఉంటాయి, వాటిని దాటుతున్నప్పుడే గుర్తుపెట్టుకుంటూ పోవాలి. ముందున్నది ఎంత దూరమో తెలియకపోతే వెనక్కి వెళ్లి పాతదానిలో ఆగడమే మేలు. మలుపులో మాత్రం లోపలి వైపైనా బయటి వైపైనా ఆగకూడదు. లోపలి వైపు ట్రెయిలరు చక్రాలు ఇంజను దారి వదిలి మూల కోసుకుంటూ వస్తాయి, బయటి వైపు ట్రెయిలరు దాటి పొడుచుకు వచ్చిన దుంగల చివరలు రోడ్డు వెడల్పంతా ఊడ్చినట్టు తిరుగుతాయి. అంచు గట్టిగా కనిపిస్తుంది కానీ చాలాచోట్ల అది గ్రేడరు తోసిన వదులు మట్టి. 2019 సెప్టెంబరులో వాంకూవర్ ద్వీపంలో పోర్ట్ ఆల్బర్నీ నుంచి బామ్‌ఫీల్డ్ వెళ్లే, అప్పట్లో కంకర పరిచి ఉన్న రోడ్డు మీద, ఎదురు బండికి దారి ఇవ్వడానికి అంచుకు జరిగిన విద్యార్థుల బస్సు దొర్లిపోయి ఇద్దరు చనిపోయారు. అందుకే ఎదురుబండి కనిపించాక అంచుకు ఒత్తడం కంటే, కనిపించకముందే సరైన చోట ఆగడం మేలని పదేపదే అంటున్నాను.

ఆ వెడల్పు చోటు భోజనానికో ఫొటోలకో కాదు. అక్కడ ఆగినా బెల్టులు తీయవద్దు, పిల్లలను దింపవద్దు, అద్దాలు ఎత్తే ఉంచండి. ఒకరికి దిగవలసిన అవసరం వస్తే, లారీలు తిరగని పాత అడ్డదారి ఏదైనా చూసుకుని అందులోకి కొంతదూరం వెళ్లి ఆపండి.

వేగం గురించి: బోర్డు లేకపోతే ఈ రోడ్ల మీద పరిమితి 80, కానీ నేను ఖాళీగా కనిపించే తిన్నని దారిలో కూడా 60 దాటను. రోడ్డుకు అడ్డంగా అలలు అలలుగా గట్లు కట్టిన చోట చక్రాలు ఎగురుతూ పోతాయి, నేలను పట్టుకోవు, అలాంటి చోట మలుపు వస్తే వెనుకభాగం జారుతుంది. హెడ్‌లైట్లు పగలు కూడా స్విచ్చి తిప్పి వేయండి. చాలా కార్లలో పగటిపూట తమంతట అవే వెలిగే లైట్లు ముందువైపే ఉంటాయి, దుమ్ములో మీ వెనుక వచ్చేవాడికి మీరు కనిపించరు. ట్రెయిలరును వీపు మీద మడిచి పెట్టుకుని లోపలికి వెళ్లే ఖాళీ లారీలు చాలా వేగంగా వస్తాయి, అద్దంలో కనిపించగానే పక్కకు తప్పుకుని పోనివ్వండి. మీ ముందు లారీ ఉంటే దాని దుమ్ములో నడపవద్దు, ఆగి దూరం పెరగనివ్వండి. స్టెప్నీ పూర్తి సైజుదై ఉండాలి, అందులో గాలి ఉందో లేదో ఇంటి దగ్గరే చూడండి, ఇక్కడ ఫోను సిగ్నలు ఉండదు. అద్దె కారైతే ఒప్పందం చదవండి, కంకర రోడ్డు మీద బీమా వర్తించదని చాలావాటిలో రాసి ఉంటుంది.

మీ ప్రణాళికలో నేను మార్చమనేది ఒక్కటే, సోమవారం ఉదయం తిరుగు ప్రయాణం. శనివారం లోపలికి వెళ్లడం మంచి ఆలోచనే, వారాంతంలో లారీలు తగ్గుతాయి, అయితే పూర్తిగా ఆగవు. సోమవారం తెల్లవారుజామున మాత్రం అన్నీ ఒకేసారి కదులుతాయి. పైగా ఆగస్టులో అడవి ఎండి అగ్నిప్రమాదం పెరిగినప్పుడు మధ్యాహ్నం వేడిలో యంత్రాలు నడపకూడదు కనుక, పనంతా రాత్రి చివరి జాము నుంచి మధ్యాహ్నం లోపు జరిగేలా మార్చుకుంటారు. ఆదివారం సాయంత్రమే వచ్చేయండి, లేదా సోమవారమే రావాలనుకుంటే మధ్యాహ్నం భోజనం సరస్సు దగ్గరే చేసి 5 దాటాక కదలండి. ఆగస్టు మొదట్లో ఇక్కడ 9 దాకా వెలుతురు ఉంటుంది, చీకటి పడి దుప్పుల్లాంటి మూస్‌లు రోడ్డెక్కేలోపు హైవే చేరుకోవచ్చు. ఆ వారం మీ రోడ్డు మీద కలప రవాణా జరుగుతోందా లేదా అన్నది ఆ ప్రాంతపు సహజ వనరుల జిల్లా కార్యాలయంవారు చెబుతారు. ఆ ఫోను మాత్రం శుక్రవారం పనివేళల్లోనే చేయండి, శనివారం కార్యాలయం మూసి ఉంటుంది.