మరియమ్మలో ‘మ్మ’ ఎక్కడిది?

ప్రశ్న: మా అత్తగారి పేరు మరియమ్మ. ఆమె గుర్తుగా పాపకు మర్యం అని పెడదామనుకుంటే అది ముస్లింల పేరంటున్నారు కొందరు. ఊరి మారెమ్మ పేరే మరియమ్మ అయిందని ఇంకొకరు. అర్థం ‘సముద్ర తార’ అని నెట్‌లో చూశాం. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మర్యం, మరియమ్మ ఒకే పేరు. మారెమ్మ వేరు.

హీబ్రూలో ఈ పేరు మిర్యామ్. క్రీ.పూ. 3వ శతాబ్దంలో హీబ్రూ గ్రంథాలను గ్రీకులోకి మార్చడం మొదలైనప్పుడు మరియామ్ అని రాశారు. గ్రీకులో విభక్తిని బట్టి పేరు చివర మారాలి. మ్‌తో ముగిసే పేరు అందులో ఇమడదు. అందుకే మ్ రాలి మరియా అన్న రూపం కూడా వాడుకలోకి వచ్చింది. లాటిన్ దాన్నే తీసుకుంది, ఇంగ్లిషు మేరీ ఆ దారిన వచ్చిందే. సిరియాక్, అరబీ భాషలు మాత్రం మ్‌ను వదల్లేదు. ఖురాన్‌లో 19వ సూరా (అధ్యాయం) పేరు మర్యమ్. ఆ గ్రంథం మొత్తంలో పేరుతో చెప్పిన స్త్రీ ఆమె ఒక్కరే. ఆమె ఈసా (యేసు) తల్లి, అంటే మీ అత్తగారి పేరుకు మూలమైన మరియే. కాబట్టి నిశ్చింతగా పెట్టుకోండి.

ఇక మరియమ్మలోని ‘మ్మ’. గ్రీకులో పోయిన మ్ తెలుగులో తిరిగి వచ్చిందనుకుంటే పొరపాటు. మరియకు మనవాళ్లు అమ్మను చేర్చారు, ఎల్లమ్మకూ సుంకులమ్మకూ ఉన్న అమ్మే. మర్యంలోని మ్ పుట్టుకతో ఉన్నది, మరియమ్మలోది మనం పెట్టుకున్నది.

మారెమ్మలో మొదటి అక్షరానికి దీర్ఘం ఉంది, అసలు తేడా అక్కడే. మారి అంటే తమిళంలో వాన, సంస్కృతంలో ప్రాణాలు తీసే అంటురోగం. మన ‘మహమ్మారి’లో ఉన్నది ఈ రెండోదే. మశూచి రోజుల్లో ఊరూరా కొలిచిన దేవతకు ఏ అర్థం ముందుదో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. హీబ్రూతో మాత్రం సంబంధం లేదు.

‘సముద్ర తార’ రాతలో దొర్లిన తప్పని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. హీబ్రూలో మర్ అంటే బొట్టు, యామ్ అంటే సముద్రం. ఆ లెక్కన, బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ లాటిన్‌లో ‘స్టిల్లా మారిస్’, అంటే సముద్రపు బొట్టు అని రాశారు. నకళ్లు తీసేటప్పుడు ‘స్టిల్లా’ కాస్తా ‘స్టెల్లా’ అయింది. స్టెల్లా అంటే నక్షత్రం. ఒక్క అచ్చు మారి బొట్టు చుక్కై ఆకాశానికెక్కింది! చేదు అన్న అర్థం చెప్పేవారూ ఉన్నారు (రూతు గ్రంథంలో నయోమి తనను ‘మారా’ అని పిలవమన్నది ఆ మాటతోనే). ఈజిప్టు భాషలో ప్రేమను తెలిపే ధాతువు నుంచి ‘ప్రియమైనది’ అన్న అర్థమూ చెబుతారు. బైబిల్లో మిర్యామ్ మోషే సోదరి, మోషే పేరు కూడా ఈజిప్టుదే అంటారు కాబట్టి, ఈ చివరిది మాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.

ప్రశ్న: తెలుగు బైబిల్లో మోషే సోదరి మిర్యాము, యేసు తల్లి మరియ. రెండూ ఒకే పేరైతే ఈ తేడా ఎందుకు?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: పాత నిబంధన హీబ్రూది, కొత్త నిబంధన గ్రీకుది. ఏ భాషలోని రూపం ఆ భాగంలో నిలిచింది.

ప్రశ్న: పాపకు 5 నెలలు. జనన పత్రంలో పేరు ఇంకా ఎక్కలేదు. మర్యం అని రాయాలా, మరియం అనా?
– ఒక తండ్రి, ఆదోని

జవాబు: అరబీ ఉచ్చారణకు దగ్గరిది మర్యం. కేరళ క్రైస్తవుల వాడుక మరియం. ఏదైనా తప్పు కాదు, రెండూ కలిపి వాడటమే తప్పు. ‘మరియమ్’ అని పొల్లుతో రాసిస్తే కంప్యూటర్ దగ్గర అది ‘మరియమ్మ’ అయ్యే ప్రమాదం ఉంది, సున్నాతోనే రాయండి. ఇంగ్లిషులో ఎం-ఎ-ఆర్-వై-ఎ-ఎం అని పెద్ద అక్షరాల్లో విడివిడిగా రాసివ్వండి. ‘ఆర్’ తర్వాత ‘ఐ’ చేర్చితే మరియం అవుతుంది. జనన నమోదు జరిగిన 12 నెలల్లోపు పేరు చేర్చడానికి రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి చేర్చవచ్చు. ఒకసారి ఎక్కిన పేరును దిద్దించడం ఇంత సులువు కాదు, కాబట్టి పత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి రెండు భాషల్లోనూ చదువుకోండి. ఆధార్‌కూ బడికీ ఆ పత్రం నకలునే ఇవ్వండి, నోటితో చెప్పి రాయించవద్దు.