అమెరికా వచ్చిన అమ్మానాన్నలతో సముద్రం పక్కన 3 రోజుల ట్రిప్.. షుగర్, మోకాళ్ల నొప్పులు ఉంటే ఏం చూసుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం కాలిఫోర్నియాలో శాన్ హోసేలో ఉంటాం. విజయవాడ నుంచి అమ్మా నాన్నా వచ్చి 5 రోజులైంది. ఈ జూన్‌లోనే, వచ్చే వీకెండ్ 3 రోజులు హైవే 1 మీద మాంటెరే, బిగ్ సర్, మోరో బే చూపించి శాంటా బార్బరా దాకా తీసుకెళ్దామని ప్లాన్. నాన్నకి 69, షుగర్ 16 ఏళ్ల నుంచి ఉంది, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మా-హెచ్ వాడతారు. అమ్మకి 64, మోకాళ్లు అరిగాయన్నారు, ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులు. నొప్పికి ఇంట్లో అడ్విల్ ఉంది, అది ఇవ్వచ్చా? ఇన్సూరెన్స్ తీసుకున్నాం, సరిపోతుందా? అసలు ఈ ట్రిప్ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చండి, తప్పకుండా తీసుకెళ్లండి. అంత దూరం వచ్చినవాళ్లు మీరు ఆఫీసుకెళ్తే నాలుగ్గోడల మధ్యే కూర్చుంటారు, సముద్రం చూస్తే వాళ్లకీ ప్రాణం లేచొస్తుంది. కాకపోతే ట్రిప్ ఒక వారం వాయిదా వేయండి, దూరం సగానికి తగ్గించండి. ఈ రెండూ చేస్తే మిగతావన్నీ చూసుకోదగ్గవే.

వారం ఎందుకంటే, మనకీ కాలిఫోర్నియాకీ ఇప్పుడు పన్నెండున్నర గంటల తేడా, అంటే వాళ్ల ఒంట్లో పగలూ రాత్రీ పూర్తిగా తిరగబడి ఉన్నాయి. రాత్రి 2 గంటలకి లేచి టీ పెట్టుకోవడం, మధ్యాహ్నం 3కి సోఫాలోనే నిద్రపోవడం మీ ఇంట్లో కూడా జరుగుతూనే ఉండాలి. ఈ వయసులో అది సర్దుకోవడానికి పది రోజులన్నా పడుతుంది, ఈలోపు ఆకలి వేళలు కూడా తప్పుతాయి, నాన్నగారు వేసుకునే గ్లిమెపిరైడ్‌తో అసలు చిక్కు అక్కడే. ఇంకోటి, అంతసేపు విమానంలో కూర్చుని వచ్చాక కొందరికి కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొన్ని వారాల దాకా ఉంటుంది. ఇద్దరి పిక్కలూ ఈరోజే చూడండి, ఒక్క కాలే వాచి, పిక్క నొక్కితే నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా ట్రిప్ సంగతి తర్వాత, ముందు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. రెండు కాళ్లూ సమానంగా కొంచెం ఉబ్బి, రాత్రి పడుకుంటే తగ్గిపోతుంటే అది ఎక్కువగా కూర్చున్నందువల్ల వచ్చేదే, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక దూరం సంగతి. శాన్ హోసే నుంచి మాంటెరే గంటన్నర లోపే, అది హాయిగా వెళ్లొచ్చు. కార్మెల్ దాటాక బిగ్ సర్ మీదుగా శాన్ సిమియన్ దాకా 90 మైళ్ల పైనే ఉంటుంది, ఎక్కడా ఆగకుండా పోయినా మూడు గంటలు, అదంతా ఒకపక్క కొండ ఒకపక్క సముద్రం ఉన్న మెలికల రోడ్డు, మధ్యలో కొండచరియలు పడి నెలల తరబడి మూసేసిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి బయల్దేరే ముందు కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ వెబ్‌సైట్ చూసుకోవాలి. ఘాట్ రోడ్డంటే వాంతి అయ్యే మనిషిని ఆ రోడ్డు పొడుగునా కూర్చోబెట్టి, రోజుకో హోటల్ మార్చి, మూడో రోజు శాంటా బార్బరా నుంచి 290 మైళ్లు వెనక్కి రావడం అంటే మీకూ కష్టమే, మీ అమ్మగారికైతే అది శిక్షే. మాంటెరేలోనో పక్కనే పసిఫిక్ గ్రోవ్‌లోనో రెండు రాత్రులూ ఒకే హోటల్ తీసుకోండి. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి ఒక కునుకు తీయనిచ్చి, సాయంత్రం సముద్రం పక్కన పాత రైలు దారి మీద వేసిన రిక్రియేషన్ ట్రయిల్‌లో నడిపించండి, అది చదునుగా ఉంటుంది, ఎక్కడ అలిసిపోతే అక్కణ్ణుంచే వెనక్కి తిరగొచ్చు. రెండో రోజు పొద్దున బిగ్ సర్ వైపు వెళ్లి బిక్స్‌బీ బ్రిడ్జి చూడండి, అది 1932లో కట్టిన వంతెన, కార్మెల్ నుంచి 13 మైళ్లే. ఓపిక ఉంటే ఇంకొంచెం ముందుకెళ్లి ఫైఫర్ స్టేట్ పార్కులో రెడ్‌వుడ్ చెట్ల కింద తెచ్చుకున్నది తినేసి వెనక్కి వచ్చేయండి. మూడో రోజు సముద్రం పక్కనే సాగే 17 మైల్ డ్రైవ్ అనే రోడ్డు గానీ అక్వేరియం గానీ ఏదో ఒకటి చూసి ఇంటికి. శాంటా బార్బరా ఎక్కడికీ పోదు, వాళ్లు ఆర్నెల్లు ఉంటారుగా.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట చెప్తాను. మన అమ్మానాన్నలు నోరు తెరిచి అడగరు. ఆకలేస్తోందని చెప్పరు, బాత్రూమ్‌కి ఆపమని చెప్పరు, మోకాలు లాగేస్తోందని చెప్పరు, "మాకేం పర్లేదు నాన్నా, మీరు చూసి రండి, మేం కార్లో కూర్చుంటాం" అంటారు. కొడుకు లీవు పెట్టుకుని, డబ్బు ఖర్చుపెట్టుకుని తీసుకొచ్చాడు, మనవల్ల పాడవకూడదు అన్నదే వాళ్ల మనసులో ఉంటుంది. అమెరికా నుంచి తిరిగొచ్చి నా దగ్గరకి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది చెప్పేది ఇదే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగలేదండీ, మాటిమాటికీ ఆపమంటే ఏం బాగుంటుంది అని. కాబట్టి వాళ్లు అడగాల్సిన అవసరమే రాకుండా మీరే టైం పెట్టేయండి. గంటకి, మహా అయితే గంటన్నరకి ఒకసారి బండి ఆపండి, "వెళ్తారా" అని అడగొద్దు, "నేను వెళ్తున్నా, రండి" అనండి, వాళ్లే దిగుతారు. నాన్నగారి టెల్మా-హెచ్‌లో చివరి హెచ్ అంటే ఒంట్లో నీరు తీసే మందు, అందుకే యూరిన్ ఎక్కువ వస్తుంది. ప్రయాణం రోజు ఆ మాత్ర మింగకుండా జేబులో వేసుకునే వాళ్లని చాలామందిని చూశాను, కనుక మీ కళ్ల ముందే వేసుకోమనండి, నీళ్ల సీసా కూడా మీరే చేతికివ్వండి.

తిండి విషయంలో అసలు రాజీ వద్దు. గ్లిమెపిరైడ్ వేసుకున్న మనిషి భోజనం గంట ఆలస్యమైనా షుగర్ పడిపోవచ్చు, దానికి తోడు ఆరోజు మామూలుకంటే ఎక్కువ నడుస్తారు. మీరు బ్రిడ్జి దగ్గర ఫొటోలు దిగి, వ్యూ పాయింట్ దగ్గర పార్కింగ్ దొరక్క తిరిగి, రెస్టారెంట్‌లో వెయిటింగ్ అంటే అరగంట నిలబడేసరికి 3 అవుతుంది. టిఫిన్ 8కి పెడితే 11కి ఏదన్నా చిన్నది, లంచ్ 1 లోపు, మళ్లీ 4కి ఇంకో చిన్నది. ఇంటి నుంచి చపాతీ, కూర, ఉడికించిన శెనగలు, బాదం పట్టుకెళ్లండి. పులిహోర కలుపుకుంటే కలుపుకోండి గానీ నాన్నగారికి అదొక్కటే భోజనం కాకూడదు, పెరుగన్నం అయితే ఐస్ పెట్టిన కూలర్‌లోనే, ఎండలో ఆపిన కారులో బయట గంటకి మించి ఉంటే పారేయాల్సిందే. చెమటలు పట్టి, చేతులు వణికి, ఉన్నట్టుండి చిరాకు పడుతున్నా, మాట తికమకగా వస్తున్నా షుగర్ పడిందని అనుకోండి. మీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే, మీటర్ దగ్గర లేకపోయినా సరే, ఆగకుండా మూడు స్పూన్ల పంచదారో, సగం కప్పు జ్యూసో ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే ఇంకోసారి ఇచ్చి, తేరుకున్నాక అన్నం పెట్టండి. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు ఉండి నెమ్మదిగా పనిచేస్తుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 911కి ఫోన్ చేయండి. ఈ పంచదార పొట్లం కారు డిక్కీలో సూట్‌కేసు అడుగున కాదు, నాన్నగారి జాకెట్ జేబులోనే ఉండాలి.

అడ్విల్ అడిగారు కదా, నాన్నగారికైతే అస్సలు ఇవ్వొద్దు. టెల్మా-హెచ్‌లో ఉండే టెల్మిసార్టాన్, నీరు తీసే మందు, దాని మీద అడ్విల్‌లో ఉండే ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినే ప్రమాదం ఉంది, అందులోనూ 16 ఏళ్ల షుగర్, పైగా నీళ్లు తాగని ప్రయాణం. అలీవ్ కూడా ఇదే జాతి. అమ్మగారికి టైలెనాల్ 500 మాత్ర అవసరమైతే రోజుకి రెండు మూడుసార్లు సరిపోతుంది, అయితే ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో 650 కూడా అదే పారాసెటమాల్ మందు, రెండూ కలిపి వేసేసుకుంటారు, అది చూసుకోండి. మోకాలికి వోల్టరెన్ జెల్ అక్కడ చీటీ లేకుండానే దొరుకుతుంది, అది రాయండి. ఆవిడకి కష్టమయ్యేది చదునుగా నడవడం కాదు, దిగడం. మెట్లు దిగే బీచ్‌లు, ఇసుకలో దూరం నడక మానేసి, అసిలోమార్ బీచ్ దగ్గర చెక్క బాట ఉంది, అక్కడ చేతికర్రతో నడిపించండి. అక్వేరియంలో వీల్‌చైర్ అడిగితే ఇస్తారు, "ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అని ఆవిడ వద్దన్నా కాస్త బతిమాలి కూర్చోబెట్టండి, అప్పుడే చివరి ట్యాంకు దాకా ఓపిగ్గా చూడగలుగుతారు.

వాంతులకి ముందు సీటు ఇవ్వండి, ఫోన్ చూడొద్దనండి, కడుపు మరీ ఖాళీగానూ మరీ నిండుగానూ లేకుండా రెండు ఇడ్లీలు తిని బయల్దేరితే మంచిది. దక్షిణం వైపు వెళ్లేటప్పుడు సముద్రం కుడిచేతి పక్కన ఉంటుంది, ఎదురొచ్చే బళ్లని దాటకుండానే పక్కకి ఆపుకోవచ్చు, ఆవిడ కళ్లు మూసుకుంటున్నారంటే ఆపేయండి. మాత్ర కావాలంటే బోనిన్ అని మెక్లిజిన్ 25 దొరుకుతుంది, బయల్దేరే గంట ముందు వేయాలి, నిద్రమత్తు వస్తుంది కాబట్టి ముందురోజు ఇంట్లోనే ఒకసారి వేసి చూడండి. గ్లకోమా, అంటే కంట్లో ప్రెషర్ ఉంటే వద్దు. ఇండియా నుంచి అవోమిన్ తెచ్చుకుంటే దాన్నీ దీన్నీ కలిపి వేయొద్దు. నాన్నగారికి ప్రోస్టేట్ సమస్య ఉంటే ఆయన ఈ మాత్రల జోలికి పోకూడదు, యూరిన్ బిగుసుకుపోతుంది.

పాదాల గురించి కూడా చెప్పాలి. అమెరికా రాగానే పిల్లలు ప్రేమగా కొత్త షూస్ కొనిస్తారు, ఆ కొత్త షూస్‌తోనే ట్రిప్‌కి వస్తారు, మడమ దగ్గర బొబ్బ లేస్తుంది, షుగర్ వల్ల పాదం మొద్దుబారి ఉంటే అది తెలియనే తెలియదు. కొత్తవి కొంటే ఇంట్లో రోజూ గంట చొప్పున వారం తొడిగించి తర్వాతే బయటకి. ఇసుకలో ఒట్టి కాళ్లతో నడవొద్దు, రాత్రి హోటల్లో మీరే నాన్నగారి కాళ్లు పట్టుకుని అరికాలు, వేళ్ల సందులు ఫోన్ లైట్‌తో చూసి, ఇసుక దులిపి, తడి తుడవండి. సముద్రం కనబడితే మనవాళ్లు కాళ్లు తడుపుకోవాలి, నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకోవాలి, అది సహజం. కానీ అది మన సూర్యలంక కాదు, నీళ్లు మంచులా ఉంటాయి, ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి లాగేస్తుంది, కార్మెల్ పక్కన మొనాస్టరీ బీచ్ దానికి పేరుమోసింది. సీసాలో నీళ్లు పట్టి మీరే తెచ్చి చల్లండి. చలి కూడా అంతే, జూన్‌లో కూడా పొద్దున పొగమంచు, పగలు 20 డిగ్రీలకి అటూ ఇటూ, గాలి వేరే, విజయవాడ ఎండల్లోంచి వచ్చిన వాళ్లకి స్వెటర్, మంకీ క్యాప్ రెండూ కావాలి.

హోటల్ బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందా అని ఒక్కటే అడిగి ఊరుకోకండి, బాత్రూమ్‌లో టబ్ ఉందా అని అడగండి. అక్కడ చాలా హోటళ్లలో టబ్ గోడ దాటి లోపలికి దిగి స్నానం చేయాలి, మోకాళ్లు వంగని మనిషి సబ్బు నీళ్లలో ఒంటికాలి మీద నిలబడితే జారి తుంటి విరుగుతుంది. పట్టుకోడానికి రాడ్లు ఉండి, నేలమీదే షవర్ ఉన్న యాక్సెసిబుల్ రూమ్ కావాలని ఫోన్ చేసి అడగండి, రాత్రి బాత్రూమ్ లైటు వేసే ఉంచండి.

ఇన్సూరెన్స్ పాలసీ ఈ రాత్రే తీసి చదవండి. విజిటర్ పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకి చాలావరకు డబ్బు ఇవ్వరు, కొన్నిట్లో ఆ జబ్బు హఠాత్తుగా ముదిరితే మాత్రం కొంత ఇస్తారు, దానికీ వయసు పరిమితి ఉంటుంది. కానీ ఇన్సూరెన్స్ గురించి ఆలోచిస్తూ ఎమర్జెన్సీకి వెళ్లడం ఆపొద్దు, 1986 నాటి చట్టం ప్రకారం అక్కడి ఎమర్జెన్సీలో ముందు చూసి, ప్రాణాపాయం తప్పించాలి, బిల్లు సంగతి తర్వాతే. మాంటెరేలో పెద్దాసుపత్రి ఉంది, బిగ్ సర్ వైపు లేదు, ఫోన్ సిగ్నల్ కూడా మైళ్ల కొద్దీ ఉండదు, అందుకే మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మందుల పేర్లు టెల్మా అని, డోలో అని చెప్తే అక్కడి డాక్టర్లకి అర్థం కాదు, అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట అని ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి మీ ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లకి గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి రాకపోవచ్చు, ఒట్టి చెమట, ఆయాసం, పొట్ట పైన బరువు, అంతే. నాన్నగారు "గ్యాస్ పట్టేసిందిరా, కాస్త ఈనో ఇవ్వు" అని తడిసిపోయి కూర్చుంటే ఈనో కోసం వెతక్కండి, 911.

ట్రిప్‌కి ముందు నాలుగు రోజులు పరగడుపున, రాత్రి భోజనానికి ముందు నాన్నగారి షుగర్ చూసి రాసి పెట్టండి. 100 లోపే వస్తుంటే ప్రయాణం రోజుల్లో గ్లిమెపిరైడ్ డోసు తగ్గించాలేమో విజయవాడలో ఆయన్ని చూసే డాక్టర్ గారిని అడగండి, మీకు ఉదయం ఆరున్నర అయితే అక్కడ రాత్రి 7, క్లినిక్‌లోనే ఉంటారు.