పేరున్న ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు కాలేజీ కోచ్‌గా దశాబ్దాలు ఎలా ఉండిపోతాడు?

బాబీ క్లార్క్‌ను చూస్తే అర్థమవుతుంది. స్కాట్లాండ్‌లో అబర్డీన్ క్లబ్ గోల్‌కీపర్. 1970-71లో వరుసగా 1,155 నిమిషాలు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, అంటే దాదాపు పదమూడు మ్యాచ్‌లంత సేపు! దేశం తరఫున 17 మ్యాచ్‌లు ఆడాడు. 1980లో అలెక్స్ ఫెర్గూసన్ కోచింగ్‌లో లీగ్ గెలిచిన జట్టులోనూ ఉన్నాడు.

తర్వాత అమెరికా వెళ్లి డార్ట్‌మత్, స్టాన్‌ఫర్డ్ కాలేజీల్లో పనిచేసి, 2001 నుంచి 2017 వరకు నోటర్‌డామ్ యూనివర్సిటీలో కోచ్‌గా ఉన్నాడు. 2013లో ఫైనల్లో మేరీలాండ్ యూనివర్సిటీ జట్టును 2-1తో ఓడించి జాతీయ కాలేజీ టైటిల్ తెచ్చాడు.

క్లబ్‌లో నాలుగు మ్యాచ్‌లు ఓడితే కోచ్ ఉద్యోగానికే ఎసరు. కాలేజీలో ఆ టెన్షన్ కాస్త తక్కువ. అలాగని తేలికేం కాదు. మంచి కుర్రాడు తయారయ్యేసరికి డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతాడు, మళ్లీ వేట మొదలు. పైగా పురుషుల జట్టుకు చాలా ఏళ్లపాటు 9.9 పూర్తి స్కాలర్‌షిప్‌లే పరిమితిగా ఉండేది. పాతికమందికి పైగా ఉన్న జట్టులో వాటిని ముక్కలుగా పంచాల్సి వచ్చేది. నా దృష్టిలో గోల్ కాపాడటం కంటే ఈ పంపకమే కష్టం.