యునిసెఫ్ ఉద్యోగానికి పరీక్ష ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. గల్ఫ్‌కో జర్మనీకో వెళ్లమంటే వినడం లేదు. యునిసెఫ్ లాంటి సంస్థలో చేరి పిల్లల కోసం పనిచేస్తానంటోంది. దానికి ఏ పరీక్ష రాయాలి? ఎమ్మెస్సీ నర్సింగ్ మేలా, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) మేలా? విజయవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 85 వేలు కడితే యునిసెఫ్ ఇంటర్న్‌షిప్ ఖాయమంటున్నారు. కట్టమంటారా? ఆడపిల్లను ఏ ఆఫ్రికాకో పంపాల్సి వస్తుందేమోనని భయం కూడా ఉంది.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ముందు ఆ 85 వేల సంగతి తేల్చేద్దాం. కట్టకండి. ఐక్యరాజ్యసమితి సంస్థలేవీ దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, శిక్షణకు గానీ అభ్యర్థి దగ్గర రూపాయి తీసుకోవు. యునిసెఫ్ ఇంటర్న్‌షిప్‌కు ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దరఖాస్తు చేసుకోవాలి. డిగ్రీ చదువుతున్నవాళ్లు, పూర్తయి రెండేళ్లు దాటనివాళ్లు అర్హులు. స్టైపెండ్ కూడా వాళ్లే ఇస్తారు. డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతోందో చూస్తే అసలేదో నకిలీ ఏదో తెలిసిపోతుంది.

ఇంకోటి కూడా చూసుకోండి. పిల్లల సంస్థల పేరుతో ‘ఫ్రెషర్స్‌కు తక్షణ ఉద్యోగాలు’ అని హైదరాబాద్‌లో వచ్చే ప్రకటనల్లో చాలావరకు విరాళాల సేకరణవి. మాల్స్‌లో, అపార్ట్‌మెంట్లలో నిలబడి నెలనెలా చందా కట్టేవాళ్లను చేర్పించాలి, టార్గెట్లుంటాయి. అది తప్పుడు పనేం కాదు, కానీ నర్సు అనుభవం కింద ఎవరూ లెక్కపెట్టరు.

ఇక పరీక్ష. లేదు. గ్రూప్స్‌లాగా, డీఎస్సీలాగా ఒక నోటిఫికేషన్ పడి వందల పోస్టులు నిండే పద్ధతి ఇక్కడ ఉండదు. ఏ పోస్టుకు ఆ పోస్టే ప్రకటిస్తారు. వచ్చిన దరఖాస్తులు వడపోసి, మిగిలిన కొద్దిమందికి ఆ పోస్టుకు సంబంధించిన రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెడతారు. అందుకే ‘యునిసెఫ్‌లో చేరాలి’ అన్నంత మాత్రాన దారి దొరకదు. లోపల ఉన్నవి పోషకాహారం, టీకాలు, బాలల రక్షణ, నీరు–పారిశుధ్యం, చదువు, సరఫరా, గణాంకాలు అనే వేర్వేరు వృత్తులు. వాటిలో ఒకటి ముందు చేతికి రావాలి. మీ అమ్మాయి విషయంలో అది పోషకాహారమో, టీకాలో అవ్వాలి. నర్సింగ్ చదువుకు ఈ రెండే దగ్గర.

అసలు అక్కడ పని ఎలా ఉంటుందో కూడా ఆమెకు తెలియాలి. యునిసెఫ్ 1946లో, రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆకలితో ఉన్న పిల్లల కోసం పుట్టింది. 1949 నుంచి మన దేశంలో పనిచేస్తోంది. హైదరాబాద్ కార్యాలయం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలను చూస్తుంది. కానీ మన దగ్గర అది ఆసుపత్రులు నడపదు. పిల్లాడికి టీకా వేసేది ఏఎన్‌ఎం, బరువు చూసేది అంగన్‌వాడీ టీచర్. యునిసెఫ్ అధికారి ప్రభుత్వంతో కలిసి ఆ వ్యవస్థ ఎక్కడ తప్పుతోందో చూడాలి: జిల్లా సమీక్షలు, శిక్షణలు, ఎక్సెల్ షీట్లు, ఫీల్డ్ విజిట్లు. ‘పిల్లల మధ్య ఉండాలి’ అన్నదే మీ అమ్మాయి కోరికైతే ఈ కుర్చీ ఆమెకు సరిపడకపోవచ్చు. అలాంటప్పుడు డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ లాంటి వైద్య సంస్థలు మేలు. వాటి గురించి కింద చెబుతాను.

పోస్టులు మూడు రకాలు. జనరల్ సర్వీస్ అంటే కార్యాలయ సహాయక ఉద్యోగాలు. నేషనల్ ఆఫీసర్ పోస్టులు ఆ దేశ పౌరులకే, మన దేశంలో అయితే భారతీయులకే. ఇంటర్నేషనల్ ప్రొఫెషనల్ పోస్టులు సొంత దేశం బయట. అనుభవం లెక్క ఇలా ఉంటుంది: నేషనల్ ఆఫీసర్ ‘ఎ’కు కనీసం 1 సంవత్సరం, ‘బి’కి 2, ‘సి’కి 5. అంతర్జాతీయ పోస్టుల్లో పీ–2కు 2, పీ–3కి 5, పీ–4కు 8. ఇవి కనీసాలు మాత్రమే. రెండేళ్లు అడిగిన పోస్టుకు ఏడెనిమిదేళ్ల అనుభవమున్నవాళ్లు వరసలో నిలబడతారు. పైగా యునిసెఫ్‌కు వచ్చేదంతా ప్రభుత్వాలు, ప్రజలు స్వచ్ఛందంగా ఇచ్చే డబ్బే. 2025లో అమెరికా తన విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేశాక ఈ రంగంలో ప్రపంచమంతటా ఉద్యోగాలు పోయాయి. అనుభవజ్ఞులే ఇప్పుడు ఖాళీగా ఉన్నారు. డిగ్రీ అవగానే నేరుగా అందులోకి వెళ్లడం దాదాపు అసాధ్యం అనుకుని లెక్క వేసుకోండి. ఐదారేళ్ల ప్రణాళిక అయితే కుదురుతుంది.

మొదటి రెండేళ్లు జిల్లాలోనే గడపాలి. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకు ఆంధ్రాలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో, తెలంగాణలో పల్లె దవాఖానాల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులుంటాయి. కాంట్రాక్టు ఉద్యోగమే. అయినా గర్భిణి నమోదు నుంచి పిల్లల టీకాల దాకా ఒక ఊరి ఆరోగ్యం మొత్తం చేతిలోకి వస్తుంది. లేదంటే ప్రభుత్వాసుపత్రుల్లోని పోషకాహార పునరావాస కేంద్రాలు, అంటే ఎన్‌ఆర్‌సీలు. తీవ్ర పోషకలోపంతో వచ్చిన బిడ్డకు మొదటి రోజుల్లో బలమైన తిండి పెడితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలు మాత్రమే ఉండే పాలతో, రెండు మూడు గంటలకోసారి, కొద్దికొద్దిగా మొదలుపెడతారు. వాపు తగ్గి, ఆకలి వచ్చాకే 100 కేలరీల పాలకు మారుస్తారు. ఎప్పుడు మార్చాలో మంచం పక్కన నిలబడి నేర్చుకున్న నర్సుకు నైజర్‌లోనైనా యెమెన్‌లోనైనా పని ఉంటుంది.

ఈ రంగంలో చిన్న పని ఎంత సరిగ్గా చేయాలో ఒక్క ఉదాహరణతో చెబుతాను. పిల్లల్లో పోషకలోపాన్ని పట్టుకునే జబ్బ చుట్టుకొలత పట్టీని మీ అమ్మాయి కాలేజీలో చూసే ఉంటుంది. 6 నుంచి 59 నెలల పిల్లలకు వాడతారు. 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు, అంటే తీవ్ర లోపం; అక్కడి నుంచి 12.5 లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. చూస్తే గాజు తొడిగినంత తేలికగా ఉంటుంది. సరిగ్గా చేయాలంటే ఎడమ చేతిని మోచేతి దగ్గర మడిచి, భుజం ఎముక కొస నుంచి మోచేతి కొస దాకా కొలిచి, సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు పెట్టాలి. తర్వాత చేయి కిందికి వదిలేయించి, కండ వదులైన తర్వాత ఆ గుర్తు మీద పట్టీ చుట్టి చదవాలి. తప్పులు ఇక్కడే జరుగుతాయి. మధ్యభాగాన్ని కంటితో అంచనా వేస్తారు. పట్టీ బిగిస్తే చర్మం నొక్కుకుపోయి, బాగున్న పిల్లాడు ఎరుపులో పడతాడు. వదిలేస్తే ఎరుపులో ఉండాల్సినవాడు తప్పించుకుంటాడు. పాదాలు నొక్కి చూడటం మరిచిపోతే ఇంకా ప్రమాదం. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కినప్పుడు గుంట అలాగే ఉండిపోతే, జబ్బ కొలత ఎంతున్నా అది తీవ్ర లోపమే. నీరుపట్టి బొద్దుగా కనిపించే పిల్లలు ఇలాగే ఆకుపచ్చ గీతతో ఇంటికి వెళ్లిపోతారు.

రిజిస్టరులో అన్నీ 12, 12.5, 13 అనే అంకెలే ఉంటే, కొలవకుండా రాశారనో, గుండు అంకెకు మార్చేశారనో పైనుంచి చూసేవాళ్లు పట్టేస్తారు. అందుకే పోషకాహార సర్వేలకు మనుషులను తీసుకునేటప్పుడు పదిమంది పిల్లలను ఒక్కొక్కరిని రెండేసి సార్లు కొలిపిస్తారు. మొదటి కొలతకూ రెండోదానికీ తేడా ఎక్కువ వచ్చినవాళ్లను సర్వేకు పంపరు, సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా.

టీకాల్లోనూ అంతే. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌లను నేరుగా వ్యాక్సిన్ క్యారియర్‌లో సర్దేస్తే ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. టీకా పాడైందో లేదో చూపడానికి సీసా మీద ఉండే వీవీఎం గుర్తు వేడికే రంగు మారుతుంది, చలికి మారదు. కాబట్టి చెడిపోయిన సీసా చూడటానికి బాగానే ఉంటుంది. ఐస్‌ప్యాక్‌ను బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడయ్యాకే క్యారియర్‌లో పెట్టాలి. ‘మీ మండలంలో టీకా వేసినా జబ్బు వస్తోంది, ఎక్కడ వెతుకుతారు?’ అని రాతపరీక్షలో అడిగినప్పుడు ఇలాంటివి రాయగలగాలి.

పీజీ ఏదన్నారు. బోధన వైపు వెళ్లాలంటే ఎమ్మెస్సీ నర్సింగ్. కార్యక్రమాలు నడిపే ఉద్యోగాలకు ఎంపీహెచ్. నా సలహా ఎంపీహెచ్, అదీ రెండేళ్లు పనిచేశాకే. ఊళ్లో ఒక రిజిస్టరైనా నడిపిన మనిషికి ఎపిడెమియాలజీ (జబ్బులు వ్యాపించే తీరు), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) వేరేగా అర్థమవుతాయి, డిసర్టేషన్‌కు సొంత ప్రశ్న ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంపీహెచ్ నడుపుతున్నాయి. పోషకాహారమే ఇష్టమైతే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది. అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను మాత్రం ఏ కోర్సులో ఉన్నా చెల్లిపోనివ్వకండి.

స్వచ్ఛంద సంస్థలో అవకాశం వస్తే జీతం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. ప్రాజెక్టు ఏ నెల దాకా, నిధులెవరివి, పీఎఫ్ ఉందా, ‘కన్సల్టెంట్’ అని రాస్తున్నారా ‘ఉద్యోగి’ అనా? కన్సల్టెంట్ అంటే చాలాచోట్ల సెలవులు, పీఎఫ్ ఉండవు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ నుంచి డబ్బు తీసుకుని ఊళ్లో పనిచేసే చిన్న సంస్థలకు దీంతో ఊపిరి సలపడం లేదు. నిధుల సంగతి అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

మీ భయం విషయానికొస్తే, నేషనల్ ఆఫీసర్ దారిలో వెళ్తే దేశం దాటక్కర్లేదు. బయటికి వెళ్లేది ఇంటర్నేషనల్ పోస్టులకే, అదీ ఆమె దరఖాస్తు చేస్తేనే. కష్టమైన చోట్లను కుటుంబాన్ని తీసుకెళ్లకూడని స్థలాలుగా ముందే ప్రకటిస్తారు. అక్కడ పనిచేసేవాళ్లకు నిర్ణీత వారాలకోసారి విరామ సెలవు తప్పనిసరి. నర్సుగానే ప్రపంచం చూడాలనుకుంటే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ మన దేశం నుంచి కూడా నర్సులను తీసుకుంటుంది. కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతుంది. ఇక్కడ ఆమెకు ఉపయోగపడేది ఫ్రెంచ్. నైజర్, చాద్, మాలీ, కాంగో వంటి చోట్ల ఆ భాష రాకపోతే రోగితో మాట్లాడే దుబాసీతో కూడా మాట్లాడలేరు. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చిన అభ్యర్థులు కుప్పలుగా ఉంటారు. సాయంత్రం తరగతులతో, పనికి సరిపడా మాట్లాడగల బీ2 స్థాయికి రావడానికి రెండేళ్లు పడుతుంది. జిల్లాలో పనిచేసే ఆ రెండేళ్లే అందుకు సరిపోతాయి. 26 ఏళ్లలోపు ఐక్యరాజ్యసమితి వాలంటీర్లలో యూత్ విభాగానికి కూడా ప్రయత్నించాలి. నెలనెలా జీవనభృతి ఇస్తారు.

దరఖాస్తులో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ‘పిల్లలంటే చాలా ఇష్టం, కష్టపడి పనిచేస్తాను’ అని రాస్తారు. అది చదివేవాళ్లకు ఏమీ చెప్పదు. ఇలా రాయాలి: ‘రెండు గ్రామాల్లో 140 మంది పిల్లల జబ్బ కొలిచాను. 6 మంది ఎరుపులో ఉన్నారు. 5 మందిని ఎన్‌ఆర్‌సీలో చేర్పించాను. ఆరో బిడ్డ తల్లి కూలి పోతుందని రాలేదు. పొలం పనులు లేని వారం చూసి మళ్లీ వెళ్లాను.’ అంకెలు ఎవరివి వాళ్లవే, పద్ధతి ఇది. ఇంటర్వ్యూలోనూ ‘మేము చేశాం’ అంటే మార్కులు పడవు. ‘నేను’ ఏం చేశానన్నదే అడుగుతారు. గొప్పలు చెప్పుకోవడమని మన పిల్లలు మొహమాటపడతారు, ఆ మొహమాటం అక్కడ నష్టం.

ఫోన్ సంగతి ఈరోజే చెప్పండి. వార్డులో, అంగన్‌వాడీలో పిల్లలతో తీసుకున్న సెల్ఫీలు ఇన్‌స్టాలో ఉంటే తీసేయమనండి. పిల్లలతో పనిచేసే సంస్థలు నియామకానికి ముందు పాత యజమానులను, నేరచరిత్రను ఆరా తీస్తాయి. సోషల్ మీడియా కూడా చూస్తాయి. ముఖం కనిపించేలా జబ్బు బిడ్డ ఫొటో పెట్టిన నర్సును చేర్చుకోవడానికి వెనకాడతాయి. హింసకు గురైన పిల్లల విషయంలో గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం కింద, పోక్సో కింద నేరం కూడా.

కమ్యూనిటీ హెల్త్ పోస్టింగ్ లాగ్‌బుక్‌ను ఆఖరి పరీక్షలయ్యాక చాలామంది పాత కాగితాలవాడికి వేసేస్తారు. ఎన్ని ఇళ్లు తిరిగింది, ఎంతమందిని తూచింది, ఎవరిని ఎక్కడికి పంపింది అందులోనే ఉంటుంది. దాన్ని దాచుకోమనండి. పిల్లల పేర్లు లేకుండా ఆ లెక్కలను ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించుకుంటే, మొదటి ఉద్యోగానికి రాయాల్సిన సీవీలో సగం అందులోంచే వస్తుంది.