ఏడు బ్యాడ్జీలు, ఒక ఇత్తడి బిళ్ళ

అబ్బాయ్,

నువ్వు పంపిన అనువాద కథలు ఐదూ చదివాను. సగం ఇంట్లో, సగం కోటిపల్లి నుంచి గోదారి దాటి ముక్తేశ్వరం వచ్చే పంటు మీద. గాలికి కాగితాలు లేచిపోతుంటే పక్కన బైకు పట్టుకుని నిలబడ్డాయన ఎగిరి రెండు అందుకున్నాడు కాబట్టి నాలుగో కథ పూర్తి చేయగలిగాను, లేకపోతే అది గోదారిపాలే. నీ వాక్యంలో చదివించే గుణం ఉంది, అది నేర్పితే వచ్చేది కాదు. ఒక్క మాట మాత్రం పప్పులో రాయిలా మాటిమాటికీ పంటికి తగిలింది. ఇంగ్లీషులో బ్యాడ్జ్ అని కనపడ్డ చోటల్లా బ్యాడ్జీ అని రాసేసి ముందుకెళ్ళిపోయావు. లెక్కపెట్టాను, ఏడుసార్లు. అందులో స్కూలు పిల్లాడి లీడర్ బ్యాడ్జీ, మీటింగులో మెడలో వేసుకున్న పేరు బ్యాడ్జీ, ఈ రెండే సరిపోయాయి.

బ్యాడ్జీ తెలుగు మాటే కదండీ అంటావు. నిజమే, ఎప్పుడో మనదైపోయింది. మనింటికొచ్చాక దాని నడవడి మారిపోయింది, చిక్కంతా అక్కడే. అమలాపురంలో ఉద్యోగులు నల్లబ్యాడ్జీలతో నిరసన తెలిపారని పేపర్లో చదివితే చొక్కాకి గుండుసూదితో గుచ్చిన నల్ల రిబ్బను ముక్క మన కళ్ళ ముందుకొస్తుంది. అదే మాట ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు పెడితే లండన్లో ఉన్నవాడు బుర్ర గోక్కుంటాడు, వాళ్ళకి తెలిసింది చేతికి చుట్టుకునే నల్లపట్టీ, అదీ ఎక్కువగా ఎవరైనా పోయినప్పుడు. మన ఆటో అబ్బాయిని బ్యాడ్జీ ఉందా అని అడుగు, ఛాతీ తడుముకోడు, జేబులోంచి లైసెన్సు తీస్తాడు.

అందుకని నేనో పని చేస్తాను. ఆ మాట ఎదురైతే నిఘంటువు తెరిచేముందు, ఈ బ్యాడ్జీ తీసేస్తే ఈ మనిషికి ఏం పోతుంది అని అడుగుతాను.

నీ మూడో కథలో అమెరికా పోలీసు "బ్యాడ్జీ తీసి అధికారి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు" అని రాశావు. మన పాఠకుడు ఉక్కపోసి తీశాడేమో అనుకుంటాడు. వాడు ఉద్యోగం వదిలేశాడు నాయనా! అక్కడ ఆ లోహపు ముక్కే ఉద్యోగం, తలుపు కొట్టి అది చూపిస్తే ప్రభుత్వం వచ్చినట్టు. (ఇంగ్లండు పోలీసు చూపించేది వారంట్ కార్డు. రేపు లండన్ కథ చేసేటప్పుడు అమెరికా సినిమాలు మనసులో పెట్టుకుని బ్యాడ్జీ తగిలించకు.)

దీనికి మనకి ఎంత మంచి మాట ఉందో చూడు: బిళ్ళ. మా తాత ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో బిళ్ళబంట్రోతు. భుజం మీంచి నడుము దాకా ఏటవాలుగా డవాలీ, దానికి అరచేయంత కోడిగుడ్డు ఆకారపు ఇత్తడి బిళ్ళ. మామ్మ ప్రతి ఆదివారం దాన్ని చింతపండు పిప్పితో తోమి, ముగ్గుతో రుద్ది, కొంగుతో తుడిచేది. అలా తోమీ తోమీ మొదటి రెండక్షరాలూ అరిగిపోయాయి, అయినా ఆఫీసు పేరేమిటని తాతని ఎవరూ అడగలేదు, మెరుపు చూసే పక్కకి జరిగేవారు. రిటైరైన రోజు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "బిళ్ళ అప్పజెప్పి వచ్చానే" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. మామ్మ కూడా ఏమీ అడగలేదు, కాఫీ పెట్టడానికి లేచింది. ఆ ఖాకీ కోటు చాలా ఏళ్ళు మా పెరటి గదిలో మేకుకి వేలాడింది, బట్టంతా ఎండకి వెలిసిపోయినా ఛాతీ మీద బిళ్ళంత మేర కొత్త రంగు అలాగే ఉండేది. నీ పోలీసు చేత బిళ్ళ అప్పజెప్పించు, మనవాళ్ళకి ఇట్టే తెలుస్తుంది.

అయిదో కథలో ముసలామె దగ్గర నువ్వు చేసింది మాత్రం తప్పే, పొరపాటు అనను. "ఆమె భుజం మీద పేదల బ్యాడ్జీ మెరుస్తోంది" అట. మూలంలో మెరుపు లేదు, నువ్వు పెట్టావు. ఇంగ్లండులో 1697లో ఒక చట్టం చేశారు, ఊరి చర్చి పరిధిలో సాయం తీసుకునే పేదలు, వాళ్ళ భార్యాపిల్లలతో సహా, కుడి భుజం మీద ఎర్రటో నీలమో గుడ్డతో కత్తిరించిన పెద్ద పి అక్షరం, పక్కన ఆ పరిధి పేరులో మొదటి అక్షరం కుట్టించుకోవాలి. కుట్టించుకోకపోతే సాయం ఆగుతుంది, లేదా కొరడా దెబ్బలు, గొడ్డుచాకిరీ. 1810 దాకా రద్దు కాలేదది. గుడ్డముక్క మెరవదు, ఆమె దాన్ని శాలువాతో కప్పుకోవాలని చూస్తుంది. అక్కడ బ్యాడ్జీ కాదు, ముద్ర అను.

రెండో కథలో "నీలం బ్యాడ్జీ కారు" చదివి నేనే ఏదో కంపెనీ గుర్తు అనుకున్నాను, ఎందుకంటే కారు ముందు ఉండే కంపెనీ గుర్తుని కూడా ఇంగ్లీషులో బ్యాడ్జ్ అనే అంటారు. ఇక్కడది వేరు, బ్రిటన్లో వికలాంగులు వెళ్ళే చోటికి దగ్గర్లోనే కారు ఆపుకోడానికి ఇచ్చే అనుమతి కార్డు. 1971లో నారింజరంగుది మొదలుపెట్టి 2000లో నీలం చేశారు. "వికలాంగుల పార్కింగ్ కార్డు" అంటే అయిపోయేదానికి రంగెందుకు? ఫోన్లో యాప్ బొమ్మ మీద వచ్చిన బ్యాడ్జీ కూడా అంతే, ఎర్రచుక్కలో అంకె అను చాలు.

నాలుగో కథలో సైనికుడు "మచ్చను గౌరవ బ్యాడ్జీలా ధరించాడు". మనం మచ్చలు ధరించం. ఆ మచ్చ చూపించి మీసం మెలేశాడు, అను. మీసం లేదంటావా, ఊళ్ళో అందరికీ చూపించుకుని మురిసిపోయాడు, అను.

ఇంత చెబుతున్నానని నన్ను పండితుణ్ణనుకోకు. ఇరవై రెండేళ్ళప్పుడు నేను ఒక వారపత్రికకి చేసిన అనువాదంలో ఓ మొగుడు పెళ్ళాన్ని బ్యాడ్జర్ చేశాడని ఉంటే, "రోజూ ఆమెకు బ్యాడ్జీ తగిలించేవాడు" అని రాశాను. అచ్చయింది కూడా. నరసాపురం నుంచి ఒక పాఠకుడు కార్డు రాశాడు: "ఆయ్, ఆవిడేమైనా స్కౌట్సులో ఉన్నారాండీ?" బ్యాడ్జర్ అనేది బొరియలో ఉండే జంతువు. దాని మీదికి కుక్కల్ని ఉసిగొల్పి వేధించే ఆట ఒకటుండేది, మాట అందులోంచి వచ్చింది. మొగుడు చేసింది పీక్కుతినడం. తమాషా ఏంటంటే ఆ జంతువు మొహం మీద తెల్లచార ఉండబట్టి బ్యాడ్జ్ నుంచే ఆ పేరు వచ్చి ఉంటుందని నిఘంటువులు ఊహిస్తాయి. అంటే నేను తప్పులో కూడా కాస్త ఒప్పే రాశానన్నమాట!

మూడూ అయిదూ తిరగరాసి పట్టుకురా, పోస్టులో పంపకు. పంటు దిగగానే ఫోన్ చెయ్యి, రేవు దగ్గరికి వస్తాను. చీకటి పడకుండా బయల్దేరు, ఆఖరి పంటు ఎన్నింటికో ముందే కనుక్కో.