దేవరకొండ అని కొడితే హీరో వస్తున్నాడు!
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: 1931లో దేవరకొండలో జరిగిన ఆంధ్రమహాసభ (నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సభ) మీద సెమినార్ పేపర్ రాయాలి. గూగుల్‌లో దేవరకొండ అని కొడితే సినిమా హీరో ఫొటోలే వస్తున్నాయి. డిజిటల్ లైబ్రరీల్లో పాత పుస్తకాలు వేలల్లో ఉన్నాయంటారు, నాకు మాత్రం ‘ఫలితాలు లేవు’ అనే వస్తోంది. లోపం నాదా, వాటిదా?
– లైబ్రరీ సైన్సు విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ముప్పాతిక వంతు వాటిదే. ముందు మీ వంతు చూద్దాం. సెర్చ్ ఇంజన్‌కు ఊరూ తెలియదు, హీరో తెలియడు. జనం ఎక్కువగా ఏది నొక్కుతున్నారో, ఏ పేజీకి ఎక్కువ లింకులున్నాయో అదే పైకి తెస్తుంది. అందుకని ఊరి పేరు ఒక్కటే ఇవ్వకండి, దానికి తోడు మాటలు కావాలి. ఆ సభకు అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు. ‘దేవరకొండ బూర్గుల 1931 మహాసభ’ అని కొట్టి చూడండి. అప్పటికీ సినిమా వదలకపోతే చివర ‘-సినిమా -విజయ్’ అని చేర్చండి. మైనస్ గుర్తుకీ మాటకీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఉంటే అది పనిచేయదు.

తర్వాత సంధి. ఈ సభ పేరును ‘ఆంధ్రమహాసభ’ అని కలిపి రాసినవాళ్లున్నారు, ‘ఆంధ్ర మహాసభ’ అని విడదీసినవాళ్లున్నారు, ‘నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ’ అన్నవాళ్లూ ఉన్నారు. మూడోదాంట్లో ‘ఆంధ్ర’ అన్న మాట అక్షరాలుగా లేనే లేదు, ‘రాష్ట్రాంధ్ర’లో కలిసిపోయింది. కొటేషన్ గుర్తులు పెట్టి ఒక రూపం వెతికితే మిగతా రెండూ జారిపోతాయి. మూడూ విడివిడిగా వెతకాలి. నిజాంను నైజాం అని కూడా మార్చి చూడాలి.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. మీరు వెతుకుతున్నది ఒక సంఘటన. డిజిటల్ లైబ్రరీలో ఉన్నది పుస్తకం పేరు. ఈ సభల సంగతులు మాడపాటి హనుమంతరావు రాసిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’లో ఉంటాయి. ఆ పేరులో దేవరకొండా లేదు, మహాసభా లేదు. మంచి కేటలాగులో సబ్జెక్ట్ హెడ్డింగ్, అంటే పుస్తకం దేని గురించో చెప్పే మాట, ఉండేది ఇందుకే. స్కాన్ చేసి ఎక్కించినవాళ్లలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేశారు. కాబట్టి ముందు ఏ పుస్తకం కావాలో తేల్చుకోండి. దానికి కాలేజీ లైబ్రరీలో బీరువా ముందు గడిపే అరగంటే ఇప్పటికీ దగ్గరి దారి.

పేరు తెలిశాక కూడా తిప్పలు తప్పవు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన తెలుగు పుస్తకాల కాపీలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) సైటులో దొరుకుతాయి. వాటి పేర్లు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. ఎవరికి తోచిన స్పెల్లింగు వాళ్లది. ‘ఆంధ్ర’ను ఒకరు ఒక ఏతో, ఇంకొకరు రెండు ఏలతో రాశారు. ఒకరు డి తర్వాత హెచ్ పెట్టారు, ఇంకొకరు ఎన్ పక్కన కామా లాంటి గుర్తు తగిలించారు. అందుకే పేరంతా కొట్టొద్దు. అందరూ ఒకేలా రాసే అక్షరాలు నాలుగైదు కొట్టి నక్షత్రం గుర్తు (*) పెట్టండి. రచయిత సురవరం ప్రతాపరెడ్డి కోసమైతే ‘surav*’ అనో ‘sur*’ అనో కొట్టండి. రచయిత పేరు గళ్లో దొరకకపోతే పుస్తకం పేరు గళ్లో వెతకండి, అటుదిటు ఇటుదటు అయినవి కొల్లలు. సంవత్సరాన్ని కూడా నమ్మొద్దు, ఫైలు తెరిచి ముఖపత్రం చూసుకోండి. హైదరాబాదు రాజ్యంలో అచ్చయిన వాటి మీద ఫసలీ సంవత్సరం (అక్కడి సర్కారు వాడిన లెక్క) ఉండొచ్చు. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, ఒక ఏడాది తేడా ఉండొచ్చు.

ప్రశ్న: డౌన్‌లోడ్ చేసిన థీసిస్ పీడీఎఫ్‌లో కళ్లెదుట ‘పాలమూరు’ అని కనబడుతోంది. వెతికితే లేదంటోంది. ఎందుకు?
– పరిశోధక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఆ మాటను సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. మూడింట్లో ఒకటి జరుగుతుంది. సెలెక్టే కాకపోతే అది ఉత్త బొమ్మ, అందులో అక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అను లాంటి పాత ఫాంటులో టైపు చేశారన్నమాట. ఆ ఫాంట్లు తలకట్టు, గుడి, ఒత్తులను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టాయి. కంటికి తెలుగే, కంప్యూటరుకు ఇంగ్లీషు చెత్త. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటరు తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాల్లోకి, మార్చుకోవచ్చు, ఒత్తుల దగ్గర మాత్రం కన్నేసి ఉంచాలి. తెలుగే వచ్చి, గుణింతాలు చెదిరి ఉంటే యూనికోడ్‌లో చేసిందే గానీ పీడీఎఫ్‌గా మార్చినప్పుడు అక్షరాల వరస తప్పింది. అలాంటప్పుడు గుణింతం, ఒత్తు లేని ముక్క వెతకాలి. ‘పాలమూరు’ బదులు ‘లమ’ అని కొట్టండి. మొరటు పద్ధతే, చాలాసార్లు పనికొస్తుంది.

బొమ్మ అయితే నాలుగైదు పేజీలు విడదీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు అక్షరాలను గుర్తుపడుతుంది. ఫైలు 2 ఎంబీ దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: మా ఊరి లైబ్రరీలో చెదలు పట్టబోతున్న పుస్తకాలు యాభై దాకా ఉన్నాయి. స్కాన్ చేసి పెట్టాలనుకుంటున్నాం. ఎలా చేయాలి? కాపీరైటు అడ్డొస్తుందా?
– గ్రంథాలయ కార్యకర్త, అచ్చంపేట

జవాబు: 300 డీపీఐకి (అంగుళానికి ఇన్ని చుక్కలని స్కానరు లెక్క) తగ్గకండి, అచ్చు సన్నగా ఉంటే 400. ఉత్త నలుపు-తెలుపులో కాక గ్రేలో తీయండి. ద-ధ, డ-ఢ, ప-ఫ మధ్య తేడా అంతా కింద ఉన్న చిన్న గీతే. నలుపు-తెలుపులో ముందు ఎగిరిపోయేది అదే. అప్పుడు ‘ధనం’ కాస్తా ‘దనం’ అయి కూర్చుంటుంది. రెండు పేజీలు ఒకే షాటులో తీస్తే కుట్టు దగ్గర వరసలు వంగుతాయి, కంప్యూటరు చదవలేదు. ఫోనుతో తీస్తే ఫ్లాష్ వద్దు, వెలుతురు రెండు పక్కల నుంచీ పడాలి. అసలు కాపీ టిఫ్ (నాణ్యత తగ్గకుండా బొమ్మను దాచే ఫైలు రకం)లో దాచి, చదివేవాళ్లకు పీడీఎఫ్ ఇవ్వండి.

పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, విషయం – ఈ ఐదూ తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు లిపిలోనూ రాసిపెట్టండి. స్కానింగుకు పది రోజులు పెట్టి ఈ పనికి పూట కూడా పెట్టకపోతే, పైన నల్లగొండ అమ్మాయి పడ్డ అవస్థే మీ పాఠకులూ పడతారు.

స్కాన్ చేసింది నెట్‌లో అందరికీ పెట్టాలంటే కాపీరైటు చూసుకోవాల్సిందే. మన చట్టంలో రచయిత చనిపోయిన మరుసటి జనవరి నుంచి లెక్క, 60 ఏళ్లు. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయన సొంత రచనలు 2014 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. మాడపాటి 1970లో పోయారు కాబట్టి 2030 చివరి దాకా ఆగాలి. సంకలనాలతో జాగ్రత్త. 1934 నాటి గోలకొండ కవుల సంచికలో 354 మంది ఉన్నారు, సంపాదకుడి హక్కు తీరినా ఏ పద్యం లెక్క ఆ కవిదే. నెట్‌లో ఎవరో పెట్టారు గనక మనమూ పెట్టొచ్చనే వాదన మాత్రం చెల్లదు.