గంపగుత్తగా అమ్మాలా, ఏరుకోనివ్వాలా?

పాఠకుల ప్రశ్నలు: కలప, కొనుగోలు, అమ్మకం

ప్రశ్న: మా నాన్నగారి కలప అడితి మూతపడి ఆరేళ్లయింది. షెడ్డులో కోసి పేర్చిన చెక్క అలాగే ఉంది. పాత రిజిస్టరు ప్రకారం ఘనా టేకు 180 ఘనపుటడుగులు, ఆఫ్రికా పడాక్ 110, పర్పుల్‌హార్ట్ 60, జిట్రేగి (మన రోజ్‌వుడ్) 30, తునకలు ఓ 40. ఊళ్లో అడితుల వాళ్లు చెప్పిన చిల్లర రేట్లు జీఎస్టీతో కలిపి అడుగుకి టేకు 2,400, పడాక్ 2,600, పర్పుల్‌హార్ట్ 2,000, జిట్రేగి 6,000, తునకలు 700 రూపాయలు. ఒక వ్యాపారి చూసి, మొత్తం నాలుగు లక్షలకి ఎత్తుకుపోతానన్నాడు. ఇవ్వవచ్చా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ రేట్లతో గుణిస్తే మొత్తం 10,46,000 వస్తుంది. నాలుగు లక్షలు అందులో సగం కూడా కాదు గనుక నిలువుదోపిడీ అనిపించడం సహజం. అంత అన్యాయమేమీ కాదు. అలాగని తలూపాల్సిన ధర కూడా కాదు. వ్యాపారి తన మనసులో వేసుకునే లెక్కేమిటో మీరూ వేసి చూడండి.

ఆరేళ్లు పడున్న సరుకంతా మొదటి రకం ఉండదు. నూటికి అరవై మొదటి రకం, ముప్పై రెండో రకం, పది మూడో రకం తేలాయనుకుందాం. రెండో రకానికి రేటులో 70 శాతం, మూడో రకానికి 35 శాతం కడితే పది లక్షల నలభై ఆరు వేలు కాస్తా 8,84,000 అవుతుంది. అది జీఎస్టీ కలిసిన ధర. 18 శాతం పన్ను తీసేస్తే 7,49,000 మిగులుతుంది. ఆ తర్వాత వ్యాపారికి హమాలీ ఖర్చు, లారీ బాడుగ, షెడ్డు అద్దె ఉంటాయి. డబ్బు ఏడాది పాటు ఇరుక్కుపోతుంది. చివరికి ఎవరూ కొనని చెక్క కొంత మిగులుతుంది. వీటన్నిటికీ, తన లాభానికీ కలిపి 30 శాతం వదిలితే 5,24,000 తేలుతుంది. గంపగుత్త అమ్మకానికి మీరు పట్టుకోవలసిన ధర అది. ఐదుకి దిగి రావచ్చు, నాలుగుకి వద్దు. అయితే ఇందులో 60, 30, 10 అన్నవి మేం అనుకున్న అంకెలు. అసలువి మీ షెడ్డులోనే తేలాలి.

అందుకని ముందు జాబితా రాయండి. రిజిస్టరులోని 180 అడుగులు కొన్ననాటి లెక్క. ఈలోగా అమ్మినవి పోగా, విరిగినవి, పుచ్చినవి పోగా ఎంత ఉందో కొలిస్తేనే తెలుస్తుంది. ఇద్దరు మనుషులు, ఒక టేపు, ఒక సుద్దముక్క ఉంటే మీ సరుకుకి రెండు మూడు రోజులు పడుతుంది. ఒక్కో చెక్కకీ అంచున నంబరు వేసి పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో రాయండి. మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 8 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న చెక్క 0.75 ఘనపుటడుగు. పొడవుని కింది అర అడుగుకి తగ్గించి రాయండి, చివర బీట ఉంటే అంతమేర వదిలేయండి. వెడల్పు చివర్లలో కాదు, మధ్యలో కొలవాలి. అంచున చేవలేని తెల్లచెక్క ఉంటే దాన్ని కొలతలో కలపకండి. కలిపితే కొనేవాడు పది చెక్కలు చూసి మొత్తం జాబితానే నమ్మడం మానేస్తాడు.

కొలిచేటప్పుడే రకాలు విడదీయండి. మందాన్ని బట్టి వేరు చేయడం అందరూ మరిచే పని, డబ్బు తెచ్చేది కూడా అదే. మూడంగుళాల మందం, ఐదంగుళాల వెడల్పు, ఏడడుగులు పైబడిన టేకు ద్వారబంధాలకి పోతుంది. అంగుళంబావు నుంచి ఒకటిన్నర వరకు మందం ఉన్నది తలుపు రెక్కలకి, అంగుళం చెక్క బీరువాలకి, మంచాలకి. పన్నెండు అంగుళాల వెడల్పు దాటిన, పదడుగుల పొడవు దాటిన చెక్కలని విడిగా పేర్చండి. అవి ఆ జాతి మామూలు రేటు కంటే ఎక్కువ పలుకుతాయి. గంపగుత్త బేరంలో వ్యాపారి కన్ను ముందు పడేది వాటి మీదే, మాటల్లో మాత్రం వాటి ఊసే ఎత్తడు.

తర్వాత చిత్రిక. గాలి వెలుతురు తగిలిన పడాక్ గోధుమరంగుకి తిరుగుతుంది, పర్పుల్‌హార్ట్ మట్టిరంగుకి. ఆరేళ్ల దుమ్ము కూడా తోడైతే ఏది ఏదో తెలియదు. ప్రతి కట్ట నుంచీ మూడు నాలుగు చెక్కల మీద అడుగు మేర చిత్రిక పట్టించండి. పడాక్ లోపల నిప్పుకణికలా ఎర్రగా ఉంటుంది. పర్పుల్‌హార్ట్ పట్టగానే కాస్త వెలిసినట్టున్నా, కొద్దిసేపు వెలుగు తగిలితే ఊదారంగు పొంగుతుంది. ఆ పూట తీసిన ఫోటో వ్యాపారికి పంపితే బేరం మాట మారిపోతుంది. ఎక్కడైనా సన్నటి పిండి రాలుతుంటే, సూదిబెజ్జం అంత రంధ్రాలుంటే అది చెక్కపురుగు. ఆ చెక్కలని వెంటనే షెడ్డు బయటికి తెచ్చి మూడో రకంలో కలపండి. ఎక్కువగా తెల్లచెక్కనే పడుతుంది, టేకు చేవ జోలికి పోదు. కానీ ఒక్క చెక్కలో పిండి కనిపించినా మొత్తం లాటు ధర తెగ్గోయడానికి కొనేవాడికి అదే చాలు.

ఇక అసలు ప్రశ్న, ఏరుకోనివ్వాలా వద్దా. చిల్లరగా అమ్మితే ఏడున్నర లక్షల దాకా రావచ్చుగానీ ఏడాది పడుతుంది. వచ్చిన ప్రతి వడ్రంగీ పైవరుస మంచి చెక్కలు ఏరుకుపోతాడు, ఆరునెలలకి మీ దగ్గర వంకరవి, ముడులవి మిగులుతాయి. వాటికి చివర్లో గంపగుత్త ధర కూడా రాదు. అందుకని మధ్యేమార్గం చూడండి. ఒక్కో జాతినీ పాతిక ముప్పై అడుగుల కట్టలుగా, ప్రతి కట్టలోనూ మూడు రకాలూ జాబితాలోని పాళ్లలో ఉండేలా కట్టించి, కట్టకో ధర పెట్టండి. కట్టలోంచి ఏరుతానంటే రేటు మీద 25 నుంచి 30 శాతం అదనం. మొదట గీసిన ఈ గీతని మొదటి కొనుగోలుదారు కోసమే చెరిపేస్తే మిగతావాళ్లందరికీ చెరిపెయ్యాల్సి వస్తుంది. మీ సరుకులో మా ఎంపిక ఇలా ఉంటుంది: టేకు, తునకలు ఆ వ్యాపారికే గంపగుత్తగా, పడాక్, పర్పుల్‌హార్ట్ కట్టలుగా, జిట్రేగి మాత్రం చెక్కకో ధర. తునకల్లో రెండడుగులు దాటిన పడాక్ ముక్కలుంటే విడిగా తీసి ఉంచండి, లేతు మీద తిప్పేవాళ్లు, బొమ్మలు చెక్కేవాళ్లు అడుగుతారు.

కాగితాల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. ఘనా టేకు, పడాక్, పర్పుల్‌హార్ట్‌లకి నాన్నగారు కొన్న ఇన్వాయిసులు, దొరికితే దిగుమతిదారు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం) నకలు, స్టాకు రిజిస్టరు ఒక ఫైలులో పెట్టండి. జిట్రేగి ఇక్కడి అడవుల్లోది. అది అటవీశాఖ డిపోలో వేలంపాటలో కొన్న రసీదుగానీ అలాంటి మరో ఆధారంగానీ లేకుండా షెడ్డు దాటించకండి. ఆధారం దొరక్కపోతే ముందే రేంజి ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా తెలియజేసి సరుకు తనిఖీ చేయించుకోండి. ఆంధ్రలో కలప రవాణాకి 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు వర్తిస్తాయి. రాష్ట్రాలన్నిటికీ కలిపి ఆన్‌లైన్ రవాణా పాసు విధానం 2023 డిసెంబరులో మొదలైంది. పడాక్ విషయంలో ఇంకో జాగ్రత్త. కొత్తగా చిత్రిక పట్టిన పడాక్‌ని చూసి దారిలో తనిఖీవాళ్లు ఎర్రచందనం అనుకునే ప్రమాదం ఉంది. ఇన్వాయిసు లారీలోనే ఉండాలి. వెంట ఒక చిన్న ముక్క ఉంచుకుంటే ఇంకా మంచిది. ఎర్రచందనం చేవ నీళ్లలో మునుగుతుంది, ఎండిన ఆఫ్రికా పడాక్ తేలుతుంది.

నాన్నగారి జీఎస్టీ నంబరు రద్దయిందా, రద్దు చేసినప్పుడు మిగిలిన సరుకు మీద పన్ను చూపించారా అన్నది ఆడిటరుతో తేల్చుకున్నాకే బిల్లు సంగతి మాట్లాడండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కావాలి.

బరువు కూడా లెక్కేసుకోండి. ఘనపుటడుగుకి టేకు సుమారు 18.5 కిలోలు, పడాక్ 21, పర్పుల్‌హార్ట్ 25, జిట్రేగి 24, తునకలు సగటున 20. మీ సరుకంతా ఎనిమిదిన్నర టన్నులు దాటుతుంది. చూపుకి ఒక డీసీఎంలో పట్టేలా ఉంటుంది, కానీ బండి మోయలేదు. లోడు ఎత్తేముందు జాబితా నంబర్లతో ఇద్దరూ కలిసి టిక్కు పెట్టుకోవాలి. బయానా ఎంత ఇచ్చినా మిగతా మొత్తం ఖాతాలో పడ్డాకే లారీ కదలాలి.

నెల కూడా చూసుకోండి. సింహద్వారం ఎత్తడానికి ముహూర్తం చూస్తారు కనుక ఆషాఢం, పుష్యం లాంటి శూన్యమాసాల్లో ద్వారబంధం చెక్కకి గిరాకీ పడిపోతుంది. ముహూర్తాలు మొదలయ్యే శ్రావణానికో మాఘానికో నెల ముందు బేరం పెడితే అడితుల వాళ్లే సరుకు నింపుకునే తొందరలో ఉంటారు.

ప్రశ్న: చెక్క ఇంకా పచ్చిగా ఉందని చెప్పి కొనేవాళ్లు ధర తగ్గిస్తున్నారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి? (గృహిణి, విజయవాడ)

జవాబు: మందంలో అంగుళానికి ఏడాది చొప్పున నీడలో, గాలి ఆడేలా పేర్చి ఉంటే కోస్తాలో తేమ మామూలుగా 12 నుంచి 15 శాతం మధ్య నిలుస్తుంది. అంతకంటే ఎండబెట్టినా వానాకాలంలో మళ్లీ పీలుస్తుంది. పిన్నులు గుచ్చి తేమ చూపే మీటరుతో చెక్క చివర కొలవకండి, చివర్లు ఎప్పుడూ ముందే ఎండుతాయి. మధ్యకి కోసి, కోసిన ముఖం మీద గుచ్చాలి. మీటరు మీద నమ్మకం లేకపోతే ఆ మధ్య నుంచే చిన్న ముక్క తీసి తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. 112 గ్రాములు 100 అయితే తేమ 12 శాతం. భాగించాల్సింది ఎండిన బరువుతో, పచ్చి బరువుతో కాదు. కొనేవాడి ముందే చేస్తే ఆ మాట మళ్లీ రాదు. కాకపోతే హైదరాబాదులో ఏసీ గదుల ఫర్నిచరుకి కొనేవాళ్లు ఇంకా తక్కువ తేమ అడిగితే అది వంక కాదు, వాళ్లకది నిజంగానే అవసరం.

ప్రశ్న: పొలం గట్టున టేకు చెట్లున్నాయి. కొనేవాళ్లు చుట్టుకొలత పట్టి చెప్పే అడుగులు మా అబ్బాయి కంప్యూటరులో వేసిన లెక్క కంటే తక్కువ వస్తున్నాయి. మోసమా? (రైతు, నిర్మల్ జిల్లా)

జవాబు: కాదు, అది వ్యాపారంలో పాత కొలత. చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 36 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవున్న దుంగకి 81ని 10తో గుణించి 144తో భాగిస్తే 5.6 ఘనపుటడుగులు. గుండ్రటి దుంగ అసలు ఘనపరిమాణం దాదాపు 7.2. ఎప్పుడైనా 21.5 శాతం తక్కువే వస్తుంది, కోతలో పోయే పొట్టుకీ బద్దలకీ అది సర్దుబాటు. మీరు అడగవలసింది వేరే: చెప్పే రేటు ఏ కొలత అడుగుకి? బెరడు తీసి కొలుస్తున్నారా, బెరడుతోనా? పాత కొలతతో కొలిచి, దాని మీద ఇంకో పది శాతం తరుగు అంటే మాత్రం ఒప్పుకోకండి, ఆ తరుగు అప్పటికే పోయింది. కొట్టడానికీ, తరలించడానికీ అనుమతి ఎవరి పేరు మీద తీస్తారో బయానా తీసుకునే రోజే కాగితం మీద రాయించండి.

ప్రశ్న: ఇక్కడ మూతపడుతున్న ఒక క్యాబినెట్ షాపు నుంచి 2,000 బోర్డు అడుగుల బుబింగా, రోజ్‌వుడ్, వెంగే కలప చవగ్గా వస్తోంది. కొని ఇండియా పంపితే లాభముంటుందా? (ఐటీ ఉద్యోగి, డాలస్)

జవాబు: ఘనపుటడుగుకి 12 బోర్డు అడుగులు, కాబట్టి మీది 167 ఘనపుటడుగులు, అంటే అయిదు ఘనమీటర్లకి కాస్త తక్కువ. ఓడ కిరాయి, ధూమీకరణ, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఖర్చులు అంత చిన్న సరుకు మీద పడితే లాభం ఎగిరిపోతుంది. పైగా రోజ్‌వుడ్ జాతి మొత్తం, బుబింగా పేరుతో అమ్మే మూడు జాతులు 2017 జనవరి 2 నుంచి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. అమెరికా దాటాలంటే సైటిస్ పునరెగుమతి ధ్రువపత్రం కావాలి. ఆ రోజ్‌వుడ్ బ్రెజిల్ రకమైతే అది 1992 నుంచి మొదటి అనుబంధంలో ఉంది, దాని జోలికే వెళ్లకండి. కొంటే అక్కడే అమ్మే ఉద్దేశంతో కొనండి. ఆరంగుళాల వెడల్పు దాటినవి గిటారు, ఫర్నిచరు చేసేవాళ్లకి విడివిడిగా, సన్నవి, పొట్టివి 50 బోర్డు అడుగుల కట్టలుగా. షాపువాళ్లు చెప్పే 2,000 చిత్రిక పట్టకముందు కొలతా, పట్టాకనా అన్నది డబ్బు ఇచ్చేముందు తేల్చుకోండి. అంగుళం లెక్కలో రాసిన చెక్క చిత్రిక పట్టాక మూడు పావుల పైచిలుకే ఉంటుంది.